టైరు రాయిలా ఉంటే సైకిల్ ఎందుకు బరువెక్కుతుంది?

ఆళ్లగడ్డ నుంచి ఒక కుర్రవాడు పంపిన ప్రశ్న ఈ నెల పేజీలన్నీ తినేసింది. పాత గేర్ల సైకిల్‌ను గ్రావెల్ బైక్‌గా మార్చుకునే పనిలో ఉన్నాడు. ముందుగా 40 మి.మీ. వెడల్పు టైర్లు తెప్పించి వేయించాడు. నంద్యాలకు హైవే మీద వెళ్లడం, కేసీ కెనాల్ కట్ట పట్టుకుని రావడం, వీలైన ఆదివారం అహోబిలం వైపు తిరగడం అతని ఆలోచన. "షాపులో టైరు రాయిలా అయ్యేదాకా గాలి కొట్టించాను. హైవే మీద బాగానే పోయింది. కట్ట ఎక్కేసరికి ఎవరో వెనక నుంచి పట్టుకుని లాగినట్టుంది. గాలి గట్టిగా ఉంటే తేలిగ్గా నడవాలి కదా?" అని అడిగాడు.

నూరేళ్లకు పైగా సైకిల్ ప్రపంచమంతా ఇదే అనుకుంది. అది తప్పని తేలింది ఈమధ్యనే. ఇలాంటి ప్రశ్న చేతికొచ్చాక వదలడం నావల్ల కాదు.

గ్రావెల్ బైక్ సంగతి రెండు మాటల్లో చెప్పేస్తాను. వంపు తిరిగిన రేసు హ్యాండిలు, లావు టైర్లు పట్టేంత సందున్న ఫ్రేమూ ఫోర్కూ, డిస్కు బ్రేకులు, ఎత్తులెక్కడానికి తేలికైన గేర్లు ఉంటాయి. తారూ మట్టీ కంకరా కలిసిన దారుల కోసం పుట్టిన బండి ఇది. అమెరికాలోని కాన్సస్ పల్లె రోడ్ల మీద 2006లో మొదలైన పోటీ దీనికి పేరు తెచ్చింది. 2022లో ఇటలీలో మొదటి ప్రపంచ ఛాంపియన్‌షిప్ జరిగింది. ఫ్రేము స్టీలు మంచిదా, అల్యూమినియం మంచిదా, కార్బన్ మంచిదా అన్న వాదన జోలికి పోను. కట్ట మీద ఆ బండి ఎలా నడుస్తుందో తేల్చేది ఫ్రేముకన్నా ముందు టైరు, అందులోని గాలి.

సైకిల్ నడుస్తుంటే టైరులో నేలకు ఆనిన భాగం అణుగుతుంది, నేల వదలగానే మళ్లీ ఉబ్బుతుంది. చక్రం తిరిగినంతసేపూ ఇదే తంతు. రబ్బరు అణగడానికి మనం పెట్టిన శక్తిలో కొంత ఉబ్బేటప్పుడు తిరిగి రాదు, వేడిగా మారిపోతుంది. దీన్నే హిస్టెరిసిస్ నష్టం అంటారు. గాలి పెంచితే టైరు తక్కువ అణుగుతుంది, ఈ నష్టం తగ్గుతుంది. ఇంతవరకూ మన పాఠకుడి నమ్మకం నిజమే.

దీన్ని కొలవడానికి టైరు కంపెనీలు తిరిగే ఉక్కు డ్రమ్ము వాడాయి. చక్రాన్ని డ్రమ్ము మీద ఆనించి, పైన బరువు పెట్టి, తిప్పడానికి ఎంత శక్తి కావాలో చూస్తారు. గాలి పెంచినకొద్దీ అంకె తగ్గుతూ పోయేది. ఆ గీతలు చూసి రేసుగాళ్లు 20 మి.మీ. సన్నటి టైర్లలో 120, 140 పీఎస్‌ఐ గాలి నింపుకున్నారు. డ్రమ్ము అబద్ధం చెప్పలేదు. కానీ దాని ముఖం నున్నన, పైగా దాని మీద కూర్చున్నది ప్రాణం లేని బరువు. రోడ్డు అలా ఉండదు, దాని మీద పోయేవాడు ఇనుప దిమ్మె కాడు.

ఇప్పుడు కట్ట మీదికి వద్దాం. మనిషీ సైకిలూ కలిసి 85 కిలోలనుకోండి. వెనక చక్రం మీద సుమారు 46 కిలోలు, ముందు చక్రం మీద 39. గంటకు 18 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు 5 మీటర్లు. అర మీటరుకొక రాయి తగిలిందనుకుంటే సెకనుకు పది రాళ్లు. టైరు రాయిలా ఉంటే రాయికి లొంగదు, చక్రమే పైకి లేస్తుంది. లేచేది 3 మి.మీ. మాత్రమే అనుకున్నా, వెనక చక్రం మీది బరువును ఎత్తడానికి ప్రతిసారీ 1.35 జౌళ్లు కావాలి. సెకనుకు పదిసార్లంటే 13.5 వాట్లు. ముందు చక్రానిది కలిపితే 25 వాట్లు. మామూలు ఆరోగ్యవంతుడు హాయిగా తొక్కుతూ ఇవ్వగలిగేది 100 వాట్లు. అందులో నాలుగో వంతు బండిని ముందుకు కాకుండా పైకి నెట్టడానికి పోతోంది!

రాయి దిగేటప్పుడు ఆ శక్తి తిరిగి రావాలి కదా అని చురుకైన పాఠకులు అడుగుతారు. కొంత వస్తుంది. మిగతాది సీటు గుండా, హ్యాండిలు గుండా ఒంట్లోకి పోతుంది. తొడల్లో, భుజాల్లో, పొట్టలో కండా కొవ్వూ ఒకదాన్నొకటి రాసుకుని ఆ కుదుపును వేడిగా మార్చేస్తాయి. డ్రమ్ము మీది ఇనుప బరువులో ఈ రాపిడే లేదు, అందుకే ప్రయోగశాలల కంట అది పడలేదు. కట్ట మీద వెనక్కి లాగినట్టనిపించిన చెయ్యి మన పాఠకుడి సొంత ఒళ్లే! టైరు లొంగితే రాయి టైరులోకి దిగుతుంది, మనిషి ఉన్న ఎత్తులోనే సాగిపోతాడు.

కాబట్టి నష్టాలు రెండు. గాలి పెంచితే టైరులో నష్టం తగ్గుతుంది, ఒంట్లో నష్టం పెరుగుతుంది. రెండూ కలిపి గీత గీస్తే అది కిందికి దిగి, ఒకచోట మలుపు తిరిగి, పైకి లేస్తుంది. ఆ మలుపు దగ్గరి గాలే సరైన గాలి. దారి ఎంత గరుకైతే ఆ మలుపు అంత తక్కువ గాలి దగ్గర వస్తుంది.

దీన్ని పట్టుదలగా కొలిచినవాళ్లలో సియాటెల్‌లో 'బైసికిల్ క్వార్టర్లీ' పత్రిక నడిపిన యాన్ హైన్ ఒకరు. డ్రమ్మును పక్కన పెట్టి, మనిషిని కూర్చోబెట్టి, నిజం రోడ్డు మీద కొలిచాడు. హైవే అంచుల్లో డ్రైవర్లను నిద్రలేపడానికి చేసే గాడుల మీద తొక్కి చూస్తే, పక్కనున్న నున్నటి తారుకంటే 290 వాట్ల దాకా ఎక్కువ శక్తి కావలసి వచ్చింది. రేసువాళ్లూ దారికొచ్చారు: ఇవాళ టూర్ డి ఫ్రాన్స్‌లో 28, 30 మి.మీ. టైర్లు మామూలైపోయాయి.

నాకు బాధ కలిగించేది ఏమిటంటే, ఈ విషయం మొదటి రోజునే కళ్లెదుట ఉంది. 1845లో రాబర్ట్ విలియం థామ్సన్ అనే 23 ఏళ్ల స్కాట్లండ్ ఇంజినీరు గుర్రపు బళ్ల కోసం గాలి టైరుకు పేటెంట్ తీసుకున్నాడు. లోకం దాన్ని మరిచిపోయింది. 1887-88లో బెల్‌ఫాస్ట్ పశువైద్యుడు జాన్ బాయ్డ్ డన్‌లప్, కొడుకు మూడు చక్రాల సైకిల్ కుదుపు తగ్గించడానికి మళ్లీ దాన్ని కనిపెట్టాడు. సుఖం కోసం చేసిన టైరది. 1889 మేలో విల్లీ హ్యూమ్ అనే రేసుగాడు దాన్ని వేసుకుని బెల్‌ఫాస్ట్ పోటీలకు వస్తే జనం నవ్వారు. సన్నటి గట్టి రబ్బరు చక్రాలవాళ్లను వెనక్కి నెట్టి అతను వరసగా గెలిచాడు. కుదుపు తగ్గితే వేగం పెరుగుతుందన్న పాఠం ఆ రోజే అందింది. జనం మాత్రం ఇంకోలా చదువుకున్నారు: గాలి వేగాన్నిచ్చింది గనక ఎక్కువ గాలి ఎక్కువ వేగాన్నిస్తుందని! ఫ్రాన్సులో వెలోసియో అన్న కలం పేరుతో రాసిన పాల్ ద వివీ లావు టైర్లే మేలని కొండదారుల్లో తొక్కి మరీ చెప్పాడు. రేసు ప్రపంచం చెవిన పెట్టలేదు.

ఇక షాపులో ఏం జరిగిందో చూద్దాం. బొటనవేలితో నొక్కి చూసినప్పుడు తెలిసేది గాలి ఒత్తిడి ఒక్కటే కాదు, ముఖ్యంగా టైరు గోడ బిగువు. ఆ బిగువు ఒత్తిడిని, టైరు లావును గుణిస్తే వచ్చేదాన్ని బట్టి ఉంటుంది. 25 మి.మీ. టైరులో 100 పీఎస్‌ఐ ఇచ్చే బిగువును 40 మి.మీ. టైరు 62 దగ్గరే ఇచ్చేస్తుంది. వేలికి రెండూ ఒకటే. సన్నటి టైరుకు అలవాటుపడిన వేలు లావు టైరును నొక్కితే ప్రతిసారీ కావలసినదానికన్నా ఎక్కువే నింపిస్తుంది. 62 దగ్గర వెనక టైరు నేలకు ఆనేది సుమారు పదిన్నర చదరపు సెంటీమీటర్లు. 35కు దించితే దాదాపు 19. రాయిని మింగేది ఆ తేడాయే.

ఇంకో విషయం చెప్పకుండా ఉండలేను. నంద్యాల సందుల్లో పాల క్యాన్లు మోసిన నల్ల సైకిళ్ల టైరు మీద 28 × 1½ అని ఉంటుంది. దాని వెడల్పు సుమారు 40 మి.మీ. కొత్త గ్రావెల్ బైకుల కొలత మన ఊళ్లలో తరాలుగా తిరుగుతూనే ఉంది. అయితే ఆ టైరు గోడ మందం, దారాలు మోటు, అణిగినప్పుడు తినే శక్తి ఎక్కువ. వెడల్పుతో పాటు మెత్తగా వంగే పల్చటి గోడ కూడా కావాలి. సైకిల్ బాగుచేసుకునేవాళ్లు డబ్బు మొదట పెట్టాల్సింది అక్కడే. గేర్లు, హ్యాండిలు తర్వాత చూసుకోవచ్చు.

ఆళ్లగడ్డ పాఠకుడి విషయానికి వస్తే, 85 కిలోల లెక్కకు హైవే మీద వెనక 45, ముందు 42 పీఎస్‌ఐతో మొదలుపెట్టండి. కట్ట మీదికి 35 దాకా దించి చూడండి. రిమ్ము రాయికి తగిలిన చప్పుడు వస్తే రెండు మూడు పెంచండి. ఈ వైపు ఎండల్లో ఇంకో లెక్క కూడా ఉంది: 25 డిగ్రీల చల్లదనంలో పెట్టిన 40, టైరు 45 డిగ్రీలకు వేడెక్కితే దాదాపు 44 అవుతుంది. పల్లేరు కాయలు, తుమ్మ ముళ్ల కోసం ట్యూబు లేని టైరులో రబ్బరు పాల ద్రవం పోసుకోవడం మేలు. ట్యూబు ఉండదు గనక, గాలి తక్కువైనప్పుడు అది రిమ్ముకు నలిగి చిరిగే భయమూ ఉండదు. ఎండకు ఆ ద్రవం త్వరగా గట్టిపడుతుంది, రెండు మూడు నెలలకొకసారి చూసి పోసుకోవాలి. వాన పడ్డాక నల్లరేగడి దారిలో మాత్రం ఏ టైరూ పనికిరాదు. ఆ బంక ఫోర్కుకూ చక్రానికీ మధ్య నిండిపోతుంది. అహోబిలం దాటి నల్లమల లోపలికి అటవీశాఖ అనుమతి లేకుండా పోకండి, అది పులుల అడవి.

షాపుల మీద నా ఫిర్యాదు ఒకటే. గాలి కొలిచే మీటరు చాలాచోట్ల ఉండదు. పాత సైకిళ్ల వాల్వుకు మీటరు పెట్టినా లోపలి గాలి ఎంతో సరిగ్గా చెప్పదు. కొత్త రకం వాల్వున్న ట్యూబు వేయించుకుని, సొంతంగా ఒక మీటరు కొనుక్కోండి. కట్ట మీద ఒక వాలు చూసుకుని, తొక్కకుండా జారుతూ 60, 50, 40, 35 గాలితో ఎంత దూరం పోయారో గుర్తు పెట్టుకోండి. మీ బరువు, టైరు వెడల్పు, దారి రకం, ఆ దూరాలు ఉత్తరంలో రాసి పంపండి. వచ్చిన లెక్కలన్నీ ఒక పట్టికగా వేస్తాం.