కీచుగొంతుతో పుట్టిన బ్రేకు

డిస్కు బ్రేకు పుట్టడమే కీచుమంటూ పుట్టింది. 1902లో బర్మింగ్‌హామ్ ఇంజనీరు ఫ్రెడరిక్ లాంచెస్టర్ దానికి పేటెంటు తీసుకున్నాడు. చక్రంతోపాటు తిరిగే లోహపు బిళ్లను రాగి ప్యాడ్లు రెండు వైపులా నొక్కి పట్టాలి. పట్టేవి కూడా, కానీ ఆ రాపిడికి చెవులు చిల్లులు పడేవి. కొన్నేళ్లకు హెర్బర్ట్ ఫ్రూడ్ ఆస్బెస్టాస్ లైనింగులు తెచ్చాక చప్పుడు తగ్గింది. ఆస్బెస్టాస్ దుమ్ము ఊపిరితిత్తులకు ప్రాణాంతకమని తర్వాత తేలింది. పాత బ్రేకుల దుమ్మును గాలి కొట్టి ఊదొద్దని చెప్పేది అందుకే.

అయినా చాలాకాలం డ్రమ్ము బ్రేకులదే రాజ్యం. డ్రమ్ము లోపల పుట్టిన వేడి త్వరగా బయటికి పోదు, వేడెక్కేకొద్దీ పట్టు సడలుతుంది. డిస్కు గాలికి ఆరుబయటే ఉంటుంది. 1953లో ఫ్రాన్సులోని లె మాన్స్‌లో జరిగిన 24 గంటల పందెంలో డిస్కు బ్రేకుల జాగ్వార్ సి-టైప్ గెలవడంతో లోకం నమ్మింది. 1955లో వచ్చిన సిట్రోయెన్ డీఎస్‌కు ముందు చక్రాలకు డిస్కులు, వెనక డ్రమ్ములు. తెలంగాణలోని గంభీరావుపేట నుంచి సిరిసిల్లకో, కోరుట్లకో పోయే చిన్న కార్లలో చాలావాటికి నేటికీ అదే అమరిక. బ్రేకు తొక్కగానే బండి బరువు ముందుకు ఒరుగుతుంది కాబట్టి ఆపే పనిలో పెద్ద వాటా ముందు చక్రాలదే. అవే ముందు అరుగుతాయి, అవే ముందు అరుస్తాయి.

ఆ అరుపుల్లో తేడాలున్నాయి. రాత్రి వాన పడితే డిస్కు మీద సన్నగా తుప్పు పడుతుంది. పొద్దున నాలుగైదుసార్లు బ్రేకు వేయగానే గరగర పోతే భయం లేదు. తొక్కినప్పుడల్లా సన్నగా కీచుమంటే, ఫిడేలు తీగను కమాను పట్టి వదిలినట్టు ప్యాడు డిస్కును పట్టి జారుతూ వణుకుతోందన్నమాట. చాలా ప్యాడ్లకు చిన్న ఇనుపరేకు ఉంటుంది. లైనింగు అరిగాక అది డిస్కుకు తగిలి కూస్తుంది. మార్చమని చెప్పడానికే దాన్ని అక్కడ పెట్టారు. తొక్కకున్నా ఒకటే గీకుడు వినిపిస్తే డిస్కుకూ దాని వెనక రేకుకూ నడుమ గులకరాయి ఇరుక్కుందేమో చూడాలి.

ఇక టకటక. గతుకుల్లో ముందు చక్రం దగ్గర ఏదో లూజైనట్టు కొట్టుకుంటుంటే, మెల్లగా పోతూ బ్రేకు మీద కొద్దిగా కాలు ఆనించండి. చప్పుడు ఆగిందా, ప్యాడ్ల క్లిప్పులో, ప్యాడ్లను డిస్కుకు నొక్కే కాలిపర్ జారే పిన్నులో వదులయ్యాయని అనుమానించాలి. ఆగకపోతే బాల్ జాయింటు, లింకు రాడ్డు, సస్పెన్షన్ బుష్షుల వైపు చూడాలి. పైసా ఖర్చులేని ఈ పరీక్ష తెలిస్తే అనవసరంగా ప్యాడ్లు మార్పించే పని తప్పుతుంది. పెడలు మెత్తగా కిందికి దిగితే మాత్రం అది వేరే జబ్బు: పైపుల్లో గాలి చేరి ఉండాలి, లేదా ఆయిలు కారుతుండాలి. ఆ బండిని కదపొద్దు.

ప్యాడ్లు మారిస్తే రెండు ముందు చక్రాలకూ కలిపే మార్పించండి. ఒకవైపే మారిస్తే బ్రేకు వేసినప్పుడు బండి పక్కకు లాగవచ్చు. తొక్కినప్పుడు ఇనుము మీద ఇనుము గీకే చప్పుడు వచ్చిందా, సిరిసిల్ల దాకా పోయి చూపిద్దామనుకోకండి. ఉన్న ఊళ్లోనే ఆపి చక్రం విప్పించండి.