అజ్ఞాతవాసమున ఒక ప్రణయకథా రచయిత్రి

కవి జీవితము తెలియనిదే కావ్యహృదయము తెలియదని కొందరు విమర్శకులందురు. కావ్యము చేతనుండగా కవి ఇంటి గుట్టుతో పనియేమని మరికొందరందురు. ఈ రెండవ వాదమును జీవితాంతము ఆచరించి చూపిన రచయిత్రి ఆంగ్లదేశమున ఒకతె కలదు. ఆమె జార్జెట్ హేయర్. 1921 మొదలు అర్ధశతాబ్దము పాటు నవలలు వ్రాసి, అసంఖ్యాకులగు పాఠకులను సంపాదించియు, ఆమె తన్ను గూర్చి పత్రికలవారికి చెప్పుటకు సమ్మతింపలేదు. ఆమె శ్రీమతి రూజియర్ అను గృహిణియని అభిమానులు తెలిసికొనినది 1974 జూలైలో ఆమె మరణవార్త చదివినప్పుడే.

ఇంతగా దాచదగిన రహస్యమేమి? అపకీర్తికరమైనది ఏమియు లేదు. ఆ తెర వెనుక నున్నది ఒక సంసారభారము మాత్రమే.

జార్జెట్ 1902 ఆగస్టు 16వ తేదీన లండను చేరువనున్న వింబుల్డన్‌లో జన్మించెను. ఆమెకు ఇరువురు తమ్ములు. పెద్ద తమ్ముడు బోరిస్ రక్తము గడ్డకట్టని వ్యాధిచే తరచు మంచము పట్టెడివాడు. అతనికి ప్రొద్దుపుచ్చుటకై పదునేడేండ్ల అక్క ఒక సాహసకథను విడతలుగా అల్లి వినిపించెను. తండ్రి దానిని మెచ్చి, అచ్చుకు సిద్ధపరుపుమని ప్రోత్సహించెను. అదియే 1921లో వెలువడిన ‘ది బ్లాక్ మాత్’. ఆమె రచనకు బీజము కీర్తికాంక్ష కాదు, స్వీయప్రణయానుభవము కాదు. రోగియైన తమ్ముని ముఖమున నవ్వు చూడవలెనను కోరిక.

1925 వసంతమున రొనాల్డ్ రూజియర్ అను గనుల ఇంజనీరుతో ఆమెకు వివాహము నిశ్చయమయ్యెను. జూన్‌లో తండ్రి గుండెపోటుచే హఠాత్తుగా మరణించెను. కుటుంబమునకు పింఛను లేదు. పందొమ్మిదేండ్ల తమ్ముడొకడు, పదునాలుగేండ్ల తమ్ముడొకడు ఆమె పోషణలోనికి వచ్చిరి. రెండు నెలలకు పెండ్లి జరిగెను. అంతవరకు వినోదమైన కలము అప్పటినుండి ఇల్లు గడుపు సాధనమయ్యెను.

మరుసటి యేడు, సమ్మెలతో ఇంగ్లండు అట్టుడికిన 1926లో, ‘దీజ్ ఓల్డ్ షేడ్స్’ వెలువడెను. ప్రకటనల ఆర్భాటము లేకయే ఆ నవల 1,90,000 ప్రతులు అమ్ముడుపోయెను. పుస్తకము మంచిదైనచో కర్త చాటింపు వేయనక్కరలేదని ఆమెకు నమ్మకము కుదిరెను. ఆ పట్టు తుదివరకు విడువలేదు.

1927లో భర్త వెంట ఆమె తూర్పు ఆఫ్రికాలోని టాంగన్యీకాకు వెళ్లి, అడవి నడుమ గడ్డితో కట్టిన కుటీరమున కాపురముండెను. ఆధార గ్రంథములు అందని ఆ చోట కూర్చుండియే 1745 నాటి ఇంగ్లండును ‘ది మాస్కరేడర్స్’ నవలలో చిత్రించెను. పిమ్మట మాసిడోనియాకు పోగా, దంతవైద్యుడు మత్తుమందు సరిగా ఇయ్యకపోవుటచే ప్రాణాపాయమునకు లోనయ్యెను. దంపతులు స్వదేశము చేరిరి. భర్త ఉద్యోగము మాని, పినతల్లుల వద్ద తెచ్చిన అప్పుతో హార్షమ్ పట్టణమున ఆటవస్తువుల దుకాణము పెట్టెను. 1932లో కుమారుడు కలిగెను. సంసారమునకు ముఖ్యాధారము మాత్రము ఆమె కలమే. ఏటేట ఒక ప్రణయకథ, ఒక అపరాధ పరిశోధన నవల చొప్పున వ్రాయసాగెను. హత్యల చిక్కుముడులు అల్లి ఇచ్చెడివాడు భర్త. పాత్రలకు ప్రాణము పోసెడిది భార్య. ఆ భర్తయే న్యాయశాస్త్రము చదివి 1939లో బారిష్టరయ్యెను.

ఇట్టి జీవితము నుండి పుట్టిన ప్రణయము ఎట్టిది? 1935 నాటి ‘రీజెన్సీ బక్’ మొదలు ఆమె ఎక్కువగా పందొమ్మిదవ శతాబ్ది తొలి దశకముల ఇంగ్లండును తన రంగస్థలముగా చేసికొనెను. దుస్తులు, బండ్లు, వస్తువుల ధరలు, నాటి నుడికారములు అన్నియు విషయక్రమమున నోటు పుస్తకములకు ఎక్కించెను. వెల్లింగ్టన్ ప్రభువు శైలి పట్టుబడుటకై ఆయన వ్రాసిన ఒక లేఖను కొని తెచ్చుకొనెను. ఆమె కథలలో విరహతాపము కన్న చతుర సంభాషణము మిన్న. మన ఆలంకారికుల పరిభాషలో చెప్పవలెనన్న, శృంగారమునకు హాస్యమును చెలికత్తెగా నిచ్చిన రచన ఆమెది. నాయికలు పెక్కురు లెక్కలు తెలిసిన ఇల్లాండ్రు కాదగినవారు. అది ఊహించి వ్రాసినది కాదని ఆమె జీవితమెరిగిన వారికి తోచును.

ఆమె మనసు మాత్రము మరియొక గ్రంథముపై నుండెను. ఇంగ్లండు రాజు అయిదవ హెన్రీ తమ్ముడైన జాన్ చరిత్రను బృహన్నవలగా వ్రాయవలెనని ఆమె ఎన్నో యేండ్లు పరిశ్రమించెను. కాని ఆదాయపు పన్ను బాకీలు వెంటాడినపుడెల్ల ఆ వ్రాత కట్టిపెట్టి, పాఠకులు కోరు ప్రణయకథ చేపట్టవలసి వచ్చెను. అది అసంపూర్ణముగా మిగిలి, ఆమె పోయిన పిదప 1975లో ‘మై లార్డ్ జాన్’ అను పేర అచ్చయ్యెను. నరాంకితము నొల్లని పోతనను మనము కొలుతుము. రాజాశ్రయము వెదకిన శ్రీనాథుని తక్కువ చేయము. ఆశ్రయమిచ్చువాడు రాజైనను, వెలయిచ్చి కొను పాఠకుడైనను, కవికి కూడు అవసరమే. ఆ అవసరము కొంత తీసికొనిపోవుననుటకు ఈ అసంపూర్ణ గ్రంథమే సాక్షి.

తన ప్రణయకథలను ఆమె తానే పరిహసించెడిది. రెండవ ప్రపంచ యుద్ధకాలమున ‘ఫ్రైడేస్ చైల్డ్’ వ్రాయుచు, ఇది వట్టి పిచ్చికథయే యైనను, బాంబుల భయమున తలదాచుకొన్న వారికి, జ్వరము తగ్గి కోలుకొనుచున్న వారికి నచ్చగలదని ఒక లేఖలో చమత్కరించెను. ఆ నవల 1944లో వెలువడెను. కొన్నేండ్లకు రుమేనియా నుండి ఒక స్త్రీ ఆమెకు ఉత్తరము వ్రాసెను. ఆమె రాజకీయ ఖైదీ. పండ్రెండేండ్ల కారాగారవాసమున ఈ నవలా కథనే తోడి ఖైదీలకు మరల మరల చెప్పుచు, తామందరును మతి చలింపకుండ నిలిచితిమని తెలిపెను.

మంచమున నున్న తమ్మునికై పుట్టిన కథ, చెరలో నున్నవారికి ఊరటయైన కథ, రెంటి ప్రయోజనమొక్కటియే. ప్రణయకథ లోకువ యని పెదవి విరుచు విమర్శకులు ఈ ఉత్తరమునకేమి బదులు చెప్పుదురో ఆలోచింపవలెను. కర్త తెర వెనుకనే యుండి, కథను మాత్రము కష్టములో నున్నవారి యొద్దకు పంపినది. తన జీవితము తెలుపుమని అడిగినవారికి ఆమె ఇయ్యదలచిన సమాధానము అంతకు మించి లేదు.