కంటికొక చిత్రము

విజయనగరమున పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవమునకు వెళ్లినప్పుడు, అంగడిలో నేనొక వింత పటమును చూచితిని. అందు కృష్ణుడు పటమునుండి బయటికి వచ్చినట్లును, వెనుకనున్న చెట్లు లోనికి పోయినట్లును కనబడెను. దానిని చూచుటకు ప్రత్యేకమైన కంటద్దములు అక్కరలేదు. పటముపై గోరుతో గీచిన గరగరమను ధ్వని వచ్చెను.

ఆ పటమును కొని మా బడికి తెచ్చితిని. పిల్లలందరును ఆశ్చర్యపడిరి. ఒక బాలుడు మాత్రము "ఇందులో వింత ఏమున్నది మాస్టారూ? మామూలు బొమ్మయే కదా!" అనెను. తోడివారు నవ్విరి. ఆ బాలుని సంగతి తుదను చెప్పెదను.

విద్యార్థులారా! మీ బొటనవ్రేలిని ముఖమునకు ఎదురుగా నిలిపి, ఒకమారు కుడికన్నును, ఒకమారు ఎడమకన్నును మూసి చూడుడు. వ్రేలు ప్రక్కకు గెంతినట్లు తోచును. మన కన్నుల నడుమ సుమారు 6 సెంటీమీటర్ల దూరము కలదు. అందుచే రెండు కన్నులకు రెండు వేరు చిత్రములు కనబడును. మెదడు వానిని కలిపి లోతును గ్రహించును. ఇంగ్లండు దేశీయుడగు చార్లెస్ వీట్‌స్టన్ 1838లో ఈ సత్యమును రెండు అద్దముల పరికరముతో వెల్లడించెను.

అయినచో బల్లపరుపుగానుండు సెల్‌ఫోను తెర ఏ కంటి చిత్రమును ఆ కంటికే ఎట్లు పంపును? మన పల్లెలలో పెరటికి కట్టు వెదురు దడిని తలచుకొనుడు. దడి సందుగుండ ఆవలి గోడను చూచినచో, కుడికంటికి గోడలో కొంత ఎడమవైపు భాగమును, ఎడమకంటికి కొంత కుడివైపు భాగమును కనబడును. గోడను నిలువుపట్టీలుగా విభజించి, కుడికంటికి కనబడు పట్టీలపై ఒక చిత్రమును, ఎడమకంటికి కనబడు పట్టీలపై మరియొక చిత్రమును వ్రాసినచో, ఏ కంటి చిత్రము ఆ కంటికే చేరును. అమెరికా దేశీయుడగు ఫ్రెడరిక్ ఐవ్స్ ఈ ఉపాయమునకే 1903లో పేటెంటు పొందెను. తిరునాళ్ల పటమున దడికి బదులు సన్నని ప్లాస్టిక్ కటకములు వరుసగానుండును. గోటికి తగిలినవి అవియే.

జపానునందు 2002లో షార్పు సంస్థవారి సెల్‌ఫోనును, 2011లో నింటెండో త్రీడీఎస్ అను ఆటయంత్రమును ఇట్టి దడి గల తెరలతో వెలువడినవి. అయితే తెరలోని చుక్కలు ఇరుకన్నులకును పంచబడుటచే ఒక్కొక్క కంటికి సగమే దక్కును. తల కొంచెము కదలినను బొమ్మ చెదరును. ఈ రెండవ లోపమును తగ్గించుటకు 2014లో వచ్చిన త్రీడీఎస్ యంత్రమునందు చూచువాని ముఖమును కనిపెట్టు కెమెరాను అమర్చిరి. 2020లో ఆ యంత్రముల తయారీ నిలిచిపోయెను.

ఇక ఆ బాలుని సంగతి. వాని కుడికన్ను మూయించి నల్లబల్లపై అక్షరములు చదువుమంటిని. చదువలేకపోయెను. ఎడమకంటి చూపు మందగించిన సంగతి అంతవరకు వానికే తెలియదు. మంచికన్ను ఆ లోపమును కప్పిపుచ్చెను. మూడేండ్లు నా యెదుట కూర్చున్నను నాకును తెలియలేదు. నేత్రవైద్యుడు పరీక్షించి, "ఇంకను చిన్నవయసుననే తెచ్చియున్నచో సులువుగా నయమయ్యెడిది" అనెను. చికిత్సచే చూపు కొంత మాత్రమే మెరుగుపడెను.

కావున నేడు ఇంటికేగి మీ తమ్ముల చేతను, చెల్లెండ్ర చేతను ఒక్కొక్క కన్ను మూయించి, దూరముననున్న గోడ క్యాలెండరును చదివింపుడు. చదువురాని పసివారికి బొమ్మలు చూపుడు. ఏ కంటనైన తేడా కనబడినచో పెద్దలకు చెప్పి, వైద్యుని కడకు పంపుడు. ఈ పనికి ఏ యంత్రమును అక్కరలేదు, అరచేయి చాలును.