పసిపిల్లల్లో తరచూ వచ్చే చెవి ఇన్ఫెక్షన్లు: జీవన నాణ్యతపై ప్రభావం

ఉపోద్ఘాతం:
చెవిపోటు పసితనంలో సర్వసాధారణమైన బాధ. రెండు మూడు రోజులు జ్వరం, రాత్రంతా ఏడుపు, కొందరిలో చీము కారడం. ఆ తరవాత బిడ్డ మళ్లీ ఆటల్లో పడుతుంది. అందువల్ల కుటుంబాలు దీన్ని వచ్చిపోయే జబ్బుగానే పరిగణిస్తాయి. అయితే ఇది పదేపదే వచ్చినప్పుడు నష్టం నొప్పి ఉన్న రోజులకే పరిమితం కాదు. నొప్పి తగ్గాక కూడా మిగిలే వినికిడి లోపం పైకి కనిపించదు. ఆ నష్టం స్వరూపాన్ని, దాన్ని కొలిచే విధానాన్ని వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

సమస్య స్వరూపం:
మధ్యచెవిని ముక్కు వెనుక భాగంతో కలిపే యూస్టేషియన్ నాళం పసిపిల్లల్లో పొట్టిగా, దాదాపు అడ్డంగా ఉంటుంది. జలుబు చేసినప్పుడు అది వాచి మూసుకుపోతే మధ్యచెవిలో ద్రవం చేరి, సూక్ష్మక్రిములు పెరుగుతాయి. 6 నెలల్లో 3 సార్లు గాని, ఏడాదిలో 4 సార్లు గాని (వాటిలో ఒకటైనా చివరి 6 నెలల్లో) తీవ్ర ఇన్ఫెక్షన్ సోకితే వైద్యులు దాన్ని పునరావృత సమస్యగా గుర్తిస్తారు. ఇంట్లో పొగాకు పొగ ఈ ముప్పును పెంచుతుంది. తల్లిపాలు కొంత రక్షణ ఇస్తాయి.

వినికిడిలో హెచ్చుతగ్గులు:
ఇన్ఫెక్షన్ తగ్గిన తరవాత కూడా ద్రవం వారాల తరబడి, కొందరిలో నెలల తరబడి నిలిచి ఉంటుంది. అంతకాలం కర్ణభేరి స్వేచ్ఛగా కంపించదు. గట్టిగా పిలిస్తే పలికే బిడ్డకు మెల్లగా చెప్పిన మాట అందదు. ఈ వారం వినిపించినది వచ్చే వారం వినిపించకపోవచ్చు. ఈ అస్థిరత వల్లనే లోపం అశ్రద్ధగా, మొండితనంగా పొరబాటు పడే అవకాశం ఉంది.

తెలుగు వంటి భాషలో ఈ అంశానికి మరింత ప్రాధాన్యం ఉంది. 'బడికి', 'బడిలో' అనే పదాల భేదం, 'వచ్చాడు', 'వచ్చారు' అనే క్రియల భేదం పదాంతంలోనే ఉన్నాయి. 'కల', 'కల్ల' పదాలను వేరుచేసేది ద్విత్వమే. అస్పష్టంగా వినే బిడ్డ వీటిని ఎలా గ్రహిస్తుందన్నది భాషాశాస్త్రం, వినికిడి శాస్త్రం కలిసి పరిశీలించదగిన ప్రశ్న.

జీవన నాణ్యత - కొలమానం:
1997లో రోజెన్‌ఫెల్డ్, ఆయన సహచరులు ప్రకటించిన 'ఓఎం-6' ప్రశ్నావళి ఆరు అంశాలను పరిశీలిస్తుంది: శారీరక బాధ, వినికిడి లోపం, మాటలో ఇబ్బంది, మానసిక వేదన, ఆటపాటలకు అవరోధం, పెంచేవారి ఆందోళన. చివరి అంశం గమనార్హం. బిడ్డతోపాటు తల్లిదండ్రుల నిద్ర, పని దినాలు కూడా దెబ్బతింటాయి. అయితే సమాధానాలిచ్చేది బిడ్డ కాదు, తల్లిదండ్రులు. ఏడుపు వారికి తెలుస్తుంది గాని, వినబడని మాట తెలియదు. కనుక ఈ ప్రశ్నావళి వినికిడి పరీక్షకు ప్రత్యామ్నాయం కాజాలదు.

చికిత్స - పరిమితులు:
కర్ణభేరిలో చిన్న గొట్టాలు అమర్చడం ఒక చికిత్స. ద్రవం నిలిచిన పిల్లల్లో వాటిని వెంటనే అమర్చినా, కొంతకాలం వేచి చూసినా మూడేళ్ల వయసుకు భాషాభివృద్ధిలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదని పారడైజ్ బృందం 2001లో వెల్లడించింది. పునరావృత ఇన్ఫెక్షన్ల విషయంలో, రెండేళ్ల వ్యవధిలో వాటి సంఖ్యను గొట్టాలు మందుల కన్నా గణనీయంగా తగ్గించలేదని 2021లో హోబర్‌మన్ బృందం తెలిపింది. ఈ ఫలితాలు తొందరపాటు శస్త్రచికిత్సను నివారిస్తాయి. అంతేగాని బిడ్డ ఈనాడు పడుతున్న ఇబ్బందిని తోసిపుచ్చవు. మూడేళ్లకు తోటివారిని అందుకున్నంత మాత్రాన, నిద్రలేని రాత్రులు, వినబడని కథలు తిరిగి రావు.

ముగింపు:
ద్రవం 3 నెలలకు మించి నిలిస్తే వినికిడి పరీక్ష అవసరం. చెవి కారుతున్నప్పుడు నూనె పోయడం ప్రమాదకరం. అంగన్‌వాడీలో, బడిలో అలాంటి బిడ్డను ముందు వరుసలో కూర్చోబెట్టి, ఎదురుగా నిలిచి మాట్లాడటం ఖర్చులేని సాయం. పిలిస్తే పలకని బిడ్డను మందలించే ముందు, ఆ పిలుపు వినబడిందో లేదో తెలుసుకోవడం పెద్దల బాధ్యత.