పాత పిస్తోలును ఎంతవరకు నమ్మవచ్చును?

నల్లగొండ ప్రాంతమున 1946 మొదలు సాగిన సాయుధ పోరాటపు తొలి దినములలో రైతుల చేతనున్నవి వడిసెలలు, కర్రలు, కొన్ని భర్మారులు. భర్మారు అనగా గొట్టపు నోటినుండి మందును, గుండ్లను దట్టించి పేల్చు నాటు తుపాకి. పోలీసులనుండి, రజాకార్లనుండి గుంజుకొన్న రైఫిళ్లు తరువాత వచ్చినవి. 1951 అక్టోబరు 21న పోరాటము విరమింపబడినది. ఆనాటి ఆయుధ మొకటి, దాని తూటాలతో సహా, నేడు మన చేతికి వచ్చినదనుకొందము. అది పేలునా?

ఇది ఊసుపోక వేసిన ప్రశ్న కాదు. అమెరికా సైన్యము తన 1911 నమూనా పిస్తోళ్లను 1945 తరువాత కొత్తగా కొనలేదు. ఉన్నవానినే మరమ్మతు చేసికొనుచు 1985 వరకు ప్రధానముగా వాడినది. అట్లు మిగిలిన పిస్తోళ్లను 2018 నుండి అచ్చటి పౌరులకు అమ్ముచున్నారు. కొన్నవారిలో కొందరు వానిని ప్రతిదినము నడుమున ధరింతురు. మన దేశమున 1959 నాటి ఆయుధ చట్టము ప్రకారము లైసెన్సు లేక తుపాకి ఉంచుకొనుట నేరము. అయినను ఎన్నడో తయారైన రివాల్వరును నమ్మి రాత్రి కావలి తిరుగువాడు ఎక్కడ నున్నను, ఈ ప్రశ్న అతని ప్రాణమునకు సంబంధించినదే.

పిస్తోలుకు ఒకే వయస్సు ఉండదు. ఉక్కు ఒక తీరున, స్ప్రింగు ఒక తీరున, తూటా మరియొక తీరున ముసలివగును. ఉక్కు సంగతి చూడుడు. గాలిలో తేమ నూటికి అరువది పాళ్లు దాటినప్పుడే తుప్పు వేగము పుంజుకొనును. కావున మన పొడి మెట్టసీమలో, నూనె రాసి పెట్టెలో ఉంచిన తుపాకి సముద్రతీరమున నున్న తుపాకికన్న చాలకాలము నిలుచును. కాని నడుమున కట్టిన పిస్తోలునకు ఈ లాభము లేదు. చెమటలోని ఉప్పు దినదినము దానికి సోకుచుండును.

వెనుకటి తూటాలలో మరియొక ఉప్పు దాగియుండెడిది. తూటా అడుగున నున్న టోపీలో పొటాసియం క్లోరేటు వాడెడివారు. అది పేలిన పిదప పొటాసియం క్లోరైడుగా మారి గొట్టమున అంటుకొనును. తేమ తగిలినప్పుడు తుప్పును పెంచును. దీనిని నూనెతో తుడిచిన ఫలము లేదు, ఉప్పు నూనెలో కరగదు గదా. వేడినీటితో కడిగి, ఆరబెట్టి, అటుపిమ్మట నూనె రాయవలెను. పాత సైనికులకు ఈ రహస్యము బాగుగా తెలియును. పాత పిస్తోలు గొట్టములోపల గుంటలు కనబడినచో పూర్వపు యజమాని నీళ్లు పోయుటకు బద్ధకించెనని అనుకొనవచ్చును.

అసలు చిక్కు తూటాలోని మందుది. భర్మారులో పోయు నల్లమందు సురేకారము, బొగ్గు, గంధకముల మిశ్రమము. పొడిగా నుంచినచో అది ఎంతకాలమైనను చెడదు. 1884లో ఫ్రెంచి రసాయనజ్ఞుడు పాల్ వియే తయారుచేసిన పొగలేని మందు అట్టిది కాదు. దాని మూలము నైట్రోసెల్యులోజు. ఇది నిలువయున్నప్పుడే మెల్లమెల్లగా విడిపోయి నైట్రోజను ఆక్సైడులను వెలువరించును. ఆ ఆక్సైడులే విచ్ఛేదనమును మరింత త్వరపరచును. ఫ్రెంచి యుద్ధనౌకలు ఇయేనా 1907లోను, లిబెర్తే 1911లోను తూలోను రేవులో పేలిపోయి వందలమంది చనిపోయినది ఇట్లు చెడిన మందు మూలముననే. డైఫినైలమీను వంటి పదార్థమును కొద్దిగా కలిపినచో అది ఆ ఆక్సైడులను పట్టివేసి మందును కాపాడును. కాని అదియు క్రమముగా ఖర్చగుచుండును.

ఇచ్చట మన ఎండలు పగవారగును. ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగినచో ఇట్టి చర్యల వేగము రెట్టింపగునని స్థూలముగా చెప్పుదురు. కొన్నింటి విషయమున ఇంకను ఎక్కువ. 25 డిగ్రీల చల్లని గదిలో నున్న తూటాకన్న, వేసవిలో రేకుల కప్పుక్రింద 45 డిగ్రీల వేడిలో నున్నది కనీసము నాలుగు రెట్లు త్వరగా ముసలిదగును. ఉక్కునకు మేలుచేయు పొడి ఎండయే మందునకు చేటు. పిస్తోలు తళతళలాడుచున్నంత మాత్రమున లోపలి తూటా మంచిదని తలచుట అందుచేత పొరపాటు.

ఇత్తడి తొడుగుకథ చిత్రమైనది. మన దేశమున బ్రిటిషు సైన్యము వానకాలమున తూటాలను గుర్రపుసాలలలో నిలువచేయగా తొడుగులు పగులుచుండెడివి. గుర్రముల మూత్రమునుండి వచ్చు అమ్మోనియా, లోహములో మిగిలియున్న ఒత్తిడి, ఈ రెండును కలిసిన ఫలితమే ఆ పగుళ్లని 1921లో తెలిసినది. చిలుము పట్టిన, పగిలిన తూటాను పేల్చరాదు. మందు బలహీనమైనచో గుండు గొట్టమున చిక్కుకొనవచ్చును. దాని వెనుక మరొకటి పేల్చినచో గొట్టమే పగులును. మీట నొక్కిన వెంటనే పేలని తూటా కొన్ని క్షణముల తరువాత పేలుటయు కలదు. కనుక గొట్టమును అరనిమిషమైనను నిరపాయమైన దిక్కునకే పట్టియుంచవలెను.

స్ప్రింగును గురించి ఒక అపోహ కలదు. తూటాలు నింపియుంచినచో మాగజైను స్ప్రింగు చచ్చిపోవునని పలువురందురు. స్థితిస్థాపక అవధికి లోపల నొక్కియుంచిన మంచి స్ప్రింగు కొద్దిగా మాత్రమే సడలును. దానిని అరగదీయునది మాటిమాటికి నొక్కుట, వదలుట. కొత్తదాని పొడవుతో పోల్చి, పొట్టిపడినదానిని మార్చిన సరి. మొత్తము పిస్తోలులో ఇంతకన్న చవుకైన మరమ్మతు లేదు.

ఇక గణితము. నూటికి 99 పేలు తూటాలు మంచివనిపించును. కాని ఆరింటికి ఆరును పేలు సంభావ్యత 0.99 యొక్క ఆరవ ఘాతము, అనగా సుమారు 0.94. నూటికి 95 మాత్రమే పేలునవైనచో అది 0.74కు దిగును. ఒకే పెట్టెలోని నూరు తూటాలను పేల్చి చూడగా ఒక్కటియు తప్పలేదనుకొనుడు. అప్పుడును లోపము నూటికి మూడువరకు ఉండవచ్చును, ఏలయన 0.97 యొక్క నూరవ ఘాతము 0.05కు దగ్గరగా నుండును. పైగా పరీక్షించిన పిస్తోలు మనకు మిగులును, పరీక్షించిన తూటా మిగులదు. మిగిలినవానిని గురించి ఊహయే గతి. అందుచేత పాత పిస్తోలును కట్టువాడైనను తూటాలను మాత్రము కొత్తవి కొనుట మేలని నా అభిప్రాయము.

ఉక్కులో మాటిమాటి దెబ్బలవలన పుట్టు సన్నని పగుళ్లు కంటికి కనబడవు. రైల్వే కార్ఖానాలలో ఇరుసులను పూర్వము పరీక్షించిన పద్ధతిని బడిలో చేసిచూపవచ్చును. కమ్మరి కొలిమివద్ద మూలబడిన పాత బండి ఇరుసు ముక్కను తెచ్చి, శుభ్రముగా తోమి, కిరోసినులో అరగంట నానవేయుడు. పైకి తీసి పొడిగుడ్డతో బాగుగా తుడిచి, సుద్దపొడి పల్చగా అద్దుడు. పగులున్నచోట లోపలి కిరోసిను ఊరి, తెల్లని సుద్దపై వెంట్రుకవంటి తడిగీత తేలును. మూలలవద్ద, మేకు రంధ్రములవద్ద ముందుగా చూడుడు.