చిన్న ట్రాక్టర్ కాగిపోతోందా? ముందు గాలి దారి చూడండి

ఎండాకాలం రోటవేటర్ పనిలో చిన్న ట్రాక్టర్ తొందరగా వేడెక్కుతుంది. ముల్లు ఎర్రగీత దాటినా "ఈ సాలు అయిపోనీ" అని నడిపితే హెడ్ గాస్కెట్ కాలిపోతుంది. అదునులో బండి షెడ్డులో పడితే సొంత సేద్యం, కిరాయి రెండూ పోయినట్టే.

చాలాసార్లు లోపం ఇంజనులో ఉండదు, గాలి ఆడకపోవడంలో ఉంటుంది. ఫ్యాను ముందు నుంచి గాలి లాగుతుంది. దాంతోపాటు దుమ్ము, పొట్టు వచ్చి రేడియేటర్ రెక్కల్లో ఇరుక్కుంటాయి. అందుకని రేడియేటర్ ముందు, పైకి లాగితే ఊడివచ్చేలా ఇనుప జాలీ చట్రం వెల్డింగ్ షాపులో చేయించుకోవాలి. దోమతెరలాంటి సన్న జాలీ వద్దు, గాలే ఆగిపోతుంది. పక్కల సందులుంటే రబ్బరు పట్టీతో మూయాలి. లేకుంటే ఇంజను వేడిగాలే మళ్లీ ముందుకొస్తుంది. వారంటీలో ఉన్న బండికైతే ముందు డీలర్‌ను అడగాలి.

రెక్కల్లో చేరిన పొట్టును ఇంజను ఆపి, ఫ్యాను వైపు నుంచి ముందుకు గాలి కొట్టి తీయాలి. ఫ్యాను బెల్టును బొటనవేలితో నొక్కితే సుమారు అర అంగుళం కంటే ఎక్కువ దిగితే బిగించాలి. బోరు ఉప్పునీళ్లు పోస్తే లోపల ఉప్పు పేరుకుంటుంది. కంపెనీ చెప్పిన కూలెంటే పోయాలి.

కొందరు థర్మోస్టాట్ పీకేయిస్తారు. అది తప్పు. ఇంజను తగినంత వేడెక్కక డీజిల్ ఎక్కువ తాగుతుంది, త్వరగా అరుగుతుంది.

కాగిన రేడియేటర్ మూత మాత్రం తీయొద్దు. మరుగునీళ్లు మొహాన చిమ్ముతాయి. పూర్తిగా చల్లారాక, గుడ్డ వేసి మెల్లగా తిప్పాలి.

రోజూ జాలీ దులపడానికి రెండు నిమిషాలు చాలు రైతన్నా! హెడ్ దించితే పోయేవి అదును రోజులు.