తెగిన పంక్తులను అతుకు విధము



పాత కాగితములు లేని యిల్లు మన గ్రామములలో అరుదు. తాతగారి వీలునామా, దేవాలయమునకు వ్రాసి యిచ్చిన దానపత్రము, చెరువు క్రింది భూములకు నీటి వంతులు ఏర్పరచుకొన్న తీర్మానము, పూర్వులెవరో గ్రామదేవతపై చెప్పిన శతకము, ఇట్టివి కొన్నియైనను పెట్టె అడుగున ఉండును. కాగితము పెళుసెక్కి మడతలకడ చినుగుచున్నందున పిల్లలచేత వానిని కంప్యూటరులోనికి ఎక్కించుట ఇప్పుడు పెక్కు చోట్ల జరుగుచున్నది. అది మంచి పనియే. అయితే అట్లు ఎక్కించిన ప్రతిని అచ్చుతీయించి చేత పట్టుకొన్న పెద్దలకు ఒక చిక్కు కనబడును. ఒక పంక్తి కుడి అంచువరకు పోక నడుమనే తెగును. తరువాతి పంక్తిలో రెండు మాటలే ఉండును. దాని క్రింద మరల నిండు పంక్తి, మరల తునక. చదువుచుండగా గొంతు తడబడును. ఇది ఎందువలన కలుగుచున్నదో, ఎట్లు సరిచేయవలెనో, సరిచేయుటలో ఏమి చెడు ప్రమాదమున్నదో నేడు మీకు మనవి చేసెదను.

పంక్తి ముగియుటకు కారణములు రెండు. చాలు తీయుచు పోగా గట్టు అడ్డువచ్చినచో ఎడ్లను మరలింతుము. దుక్కి ముగిసినదని కాదు, ఆ వైపున ఇక నేల లేదని. అదే రైతు పత్తి విత్తిన మేర ముగిసి మిరప నాటవలసిన చోట హద్దు విడిచినచో అది తాను కోరి చేసిన పని. వ్రాతయందును ఇంతే. కాగితపు అంచు వచ్చినందున ఆగిన పంక్తి ఒకటి. వ్రాసినవాడు ఇచ్చట ఆగవలెనని ఆపిన పంక్తి వేరొకటి. మొదటి దానిని చెరపవచ్చును. రెండవ దానిని ముట్టరాదు. కన్నులకు రెండును ఒక్కతీరుననే కనబడుటయే మన చిక్కంతటికిని మూలము.

ఇది కంప్యూటరుతో పుట్టిన చిక్కు కాదు. మన అద్దంకిలో దొరికిన పండరంగని శాసనము క్రీ.శ. 848 ప్రాంతమునకు చెందినదని పండితులు నిర్ణయించిరి. అందులో ఒక తరువోజ పద్యమున్నది. తరువోజ పాదము రెండు ద్విపద పాదములంత పొడవైనది. రాతిపై చెక్కువాడు రాతి వెడల్పును చూచుకొనునే గాని పాదము ఎక్కడ ముగిసినదని చూడడు. అంచు రాగానే క్రిందికి దిగును; మాట నడుమ తెగినను తెగనిచ్చును. కావున శాసనమును రాతి పంక్తులను బట్టి చదివినచో అది వచనమువలె తోచును. ఆ పంక్తులను విడిచి, గణములను యతిప్రాసలను బట్టి పాదములను వేరుగా కూర్చుకొన్నప్పుడే అది పద్యమై నిలుచును. ఈ శాసనమును పరిశోధించి ప్రకటించిన పండితులు చేసిన పనిలో ఇదియు ఒక భాగము. తాటాకు ప్రతులలోను ఇదే వరుస. ఆకు చివరవరకు గంటము సాగును, పదమునకు పదమునకు నడుమ ఎడముండదు, పద్యపాదము పంక్తి మొదట ఆరంభింపవలెనన్న నియమము లేదు.

తరువాత టైపు యంత్రము వచ్చినది. గుంటూరు, తెనాలి, ఒంగోలు పట్టణములలో టైపు నేర్పు ఇన్‌స్టిట్యూట్లు వీధికొకటిగా ఉండిన కాలము మీలో పెక్కుమందికి జ్ఞాపకముండును. కాగితపు అంచు సమీపింపగానే గంట మ్రోగును. టైపు చేయువాడు ఎడమచేతి మీటను త్రోసి, కాగితము పట్టిన బండిని మొదటికి తెచ్చుకొని, క్రొత్త పంక్తి ఆరంభించును. ఆ త్రోపులో పనులు రెండు: బండి వెనుకకు వచ్చుట, కాగితము ఒక పంక్తి మీదికి జరుగుట. ఈ రెంటికిని దూరముద్రణ యంత్రములలో వేరువేరు సంకేతములుండెను. నేటి కంప్యూటరులలో 13, 10 అను సంఖ్యలు వానికే చెల్లుచున్నవి. మీట పోయినను దాని నీడ పోలేదని చెప్పవచ్చును.

వర్డ్ ప్రాసెసరులో ఆ మీటతో పనిలేదు. అంచు రాగానే మాట తనంతట క్రింది పంక్తికి దిగును. కాగితము వెడల్పు మార్చినను, అక్షరము పెద్దది చేసినను, పంక్తులు మరల తమంతట సర్దుకొనును. పేరా ముగిసినప్పుడు మాత్రమే ఎంటరు మీట నొక్కవలెను. టైపు యంత్రముపై చేయి తిరిగినవారు ఈ సంగతి మరచి ప్రతి పంక్తి చివరను ఎంటరు నొక్కుదురు. వారి కాగితముపై పంక్తులు చక్కగానే ఉండును. ఆ పత్రమునే వేరొకరు అక్షరము పెంచి అచ్చుతీసినప్పుడు నిండు పంక్తి, తునక, నిండు పంక్తి, తునక అగును. మన కన్నులకొరకే అక్షరము పెంచుదురు గనుక ఈ బాధ పెద్దలకే ఎక్కువ.

రెండవ దారి పీడీఎఫ్ పత్రము. దానిలో ఏ అక్షరము కాగితముపై ఏ చోటనున్నదో వ్రాసియుండును గాని పేరా ఎక్కడ మొదలై ఎక్కడ ముగియునో వ్రాసియుండవలెనన్న నిర్బంధము లేదు. అందునుండి మాటలను ఎత్తి వర్డులో పెట్టినప్పుడు సాధారణముగా ప్రతి పంక్తి చివరను ఒక విరుపు వెంటవచ్చును.

మూడవది పాత పుస్తకముల ఛాయాచిత్రముల నుండి కంప్యూటరే అక్షరములను గుర్తుపట్టు పద్ధతి. దీనిని ఓసీఆర్ అందురు. 1918లో స్థాపితమై, 1929లో మహాత్మాగాంధి చేత భవనమునకు శంకుస్థాపన జరిగిన వేటపాలెము సారస్వత నికేతనము వంటి గ్రంథాలయములలోని పాత పుస్తకములను చూచినవారికి ఆ కాలపు అచ్చు ఎట్లుండునో తెలియును. అచ్చుపంక్తి చాలనప్పుడు మాటను నడుమ విరిచి, ఒకచోట చిన్న అడ్డగీత పెట్టుదురు, ఒకచోట అదియును పెట్టరు. తెలుగు వికీసోర్సు అను అంతర్జాల గ్రంథాలయమున ఇట్టి పుస్తకములను ఒకవైపు పుట చిత్రమును, ఒకవైపు యంత్రము గుర్తించిన పాఠమును ఉంచుకొని స్వచ్ఛంద సేవకులు దిద్దుచున్నారు. విరిగిన మాటలను అతుకుట వారి నిత్యకృత్యము.

ఇక సరిచేయు విధము. మొదట పత్రమునకు నకలు తీసి వేరుగా ఉంచవలెను. ఇది మరువరాదు. పిమ్మట కంట్రోలు, షిఫ్టు మీటలు రెంటిని పట్టి 8 అంకె నొక్కినచో దాగియున్న గుర్తులు బయటపడును. వెనుకకు తిరిగిన పి అక్షరము వంటి గుర్తు పేరా ముగింపు. వంపు బాణము పేరాలోనే పంక్తి విరుపు. రెంటిలో మన పత్రమున ఏది ఉన్నదో చూచుకొనవలెను. కంట్రోలుతో హెచ్ అక్షరము నొక్కినచో వెదకి మార్చు పెట్టె తెరచుకొనును. అందులో 6 అంకె మీదనుండు టోపీ వంటి గుర్తు పెట్టి దాని ప్రక్కన చిన్న పి అక్షరము వ్రాసినచో పేరా ముగింపు అని యంత్రమునకు అర్థమగును. టోపీ ప్రక్కన చిన్న ఎల్ వ్రాసినచో వంపు బాణమని అర్థము. లిబ్రె ఆఫీసు వాడువారికి ఈ సంకేతములు వేరు. అందు రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్స్ అను గడిని గుర్తించి, డాలరు గుర్తును పేరా ముగింపునకు వాడవలెను.

తొందరపడి పేరా ముగింపులనన్నిటిని ఒక్కసారిగా తీసివేసినచో పత్రమంతయు ఒకే పేరాయై కూర్చుండును. కావున నిజమైన పేరాలను ముందుగా దాచుకొనవలెను. పేరాల నడుమ ఖాళీ పంక్తి యున్న పత్రములో ముగింపులు రెండు వెంటవెంటనే వచ్చును. ఆ జంటను వెదకి, దాని స్థానమున పత్రములో ఎక్కడను లేని గుర్తును, ఈ-మెయిలు చిరునామా నడుమ వచ్చు గుర్తును మూడుమారులు వ్రాసి, పెట్టవలెను. తరువాత మిగిలిన ఒంటరి ముగింపులను వెదకి ఒక్కొక్కదాని చోట ఒక ఖాళీని ఉంచవలెను. కడపట మన దాపుడు గుర్తును వెదకి పేరా ముగింపును మరల నిలుపవలెను. ఖాళీగా కనబడు పంక్తిలో ఒక్కొక్కప్పుడు కంటికానని ఖాళీ అక్షరముండును. అప్పుడు యంత్రము జంటను గుర్తింపదు. అట్టి ఖాళీలను ముందే తీసివేయుట మేలు. అసలు ఖాళీ పంక్తులే లేని పత్రమైనచో దగ్గరి దారి లేదు. ఎవరైనను కూర్చుండి చదువుచు, పేరా ముగిసిన ప్రతిచోట చేతితో గుర్తు పెట్టవలసినదే.

పని ఇంతటితో తీరినదని కొందరందురు. నేను ఒప్పుకొనజాలను. తెగిన పంక్తి కంటికి మాత్రమే బాధ. తప్పుగా అతికిన పంక్తి అర్థమునకే హాని. విరుపు స్థానమున ఖాళీ పెట్టుమంటిమి గదా? విరిగినది మాట నడుమనైనచో అమ్మకము అనునది “అమ్మ కము” అగును. నరసరావుపేట “నర సరావుపేట” అగును. నాగలి “నా గలి” అగును. వీనిని చదువువారు నవ్వి దిద్దుకొందురు. నవ్వుటకు వీలులేనివియు కలవు. చేతివ్రాతలో 25 అను అంకె పంక్తి చివర 2గా, తరువాతి పంక్తి మొదట 5గా విడిపోయియుండినచో అతికిన పిమ్మట “2 5 ఎకరములు” అని నిలుచును. అడ్డగీత సంగతి ఇంకను కఠినము. మాట విరుపునకు పెట్టిన అడ్డగీతను తీసివేయవలెను, నిజమే. కాని రెండు ఎకరముల ఐదు సెంట్లను మనము 2-05 అని వ్రాయుదుము. ఆ అడ్డగీత కడనే పంక్తి తెగియుండినచో, అడ్డగీతలనన్నిటిని ఒక్క వ్రేటున తీసివేసినవాని పత్రములో అది 205 అగును! అందుచేత అడ్డగీతల విషయమున “రీప్లేస్ ఆల్” అను ఆజ్ఞ ఈయక, ఒక్కొక్కటి చూచుకొనుచు మార్చవలెను. దస్తావేజులో కాలము పట్టినను సరే.

దస్తావేజులోనే పంక్తులుగా ఉండవలసినవి మరికొన్ని కలవు. హద్దులు తూర్పు, దక్షిణము, పడమర, ఉత్తరము అని నాలుగు పంక్తులుగా వ్రాయుదురు. పంక్తి చివర చుక్క పెట్టు అలవాటు అందరికిని లేదు. నాలుగింటిని కలిపివేసినచో డొంక ఏ వైపుదో, పొరుగువాని చేను ఏ వైపుదో గుచ్చిపట్టి చూడవలసి వచ్చును. సాక్షుల పేర్లును అంతే. ముగ్గురు సాక్షులు ఒక పొడవైన పేరుగల ఒక్క మనుష్యుడగుదురు. ఇట్టి భాగములను వదలి, వచన భాగమును మాత్రము మౌసుతో ఎంచుకొని మార్పు చేయవలెను. ఎంచుకొన్న భాగము ముగిసిన తరువాత తక్కిన పత్రములోను వెదకవలెనా అని యంత్రము అడుగును. వలదనవలెను. ఎంత చక్కగా దిద్దినను ఈ ప్రతి మన చదువుకొరకే. హక్కుల తగవు వచ్చినప్పుడు పనికివచ్చునది మూలపత్రమో, రిజిస్ట్రారు కార్యాలయము వారిచ్చు ధ్రువీకరించిన నకలో గాని ఇది కాదు.

పద్యముల విషయమున యంత్రముకంటె మీరే సమర్థులు. ఉత్పలమాల పాదమునకు ఇరువది అక్షరములు, చంపకమాలకు ఇరువదియొకటి. చిన్న పుస్తకములో అంత పాదము ఒక పంక్తిలో ఇముడక, తోక క్రిందికి దిగును. నాలుగు పాదముల పద్యము ఎనిమిది పంక్తులై కనబడును. వీనిలో నాలుగు విరుపులు కాగితమువి, నాలుగు కవివి. ఏవి ఎవరివో యంత్రమునకు తెలియదు. ప్రాస తెలిసినవారికి తెలియును: ప్రతిపాదమున రెండవ అక్షరమును చూచుచు పోయినచో పాదము మొదలు దొరకును. పాదము చివర మాట తెగియున్నదని కంగారుపడి అతుకరాదు; మన వృత్తములలో మాట ఒక పాదమునుండి మరియొక పాదమునకు ప్రాకుట కవులకు చెల్లినదే. వచనమున దోషమైన విరుపు ఇచ్చట న్యాయమైన విరుపు.

పాదములను ఇట్లు కూర్చుకొన్న తరువాత, మొదటి మూడు పాదముల చివరను షిఫ్టు మీట పట్టి ఎంటరు నొక్కి వంపు బాణమును, నాలుగవ పాదము చివర ఒట్టి ఎంటరును పెట్టించుడు. అప్పుడు పద్యమునకొక పేరా యగును. వెదకు పెట్టె వంపు బాణములు ఎన్నియున్నవో లెక్క చెప్పగలదు. నూటయెనిమిది వృత్తముల శతకమైనచో 324 రావలెను. ఒకటి తక్కువ వచ్చినచో ఏదో ఒక పద్యమున రెండు పాదములు కలిసిపోయినవన్నమాట. మూలమును ఒకరు పైకి చదువుచుండగా వేరొకరు అచ్చుప్రతిని వ్రేలు పెట్టి చూచుచు పోయినచో అది ఏ పద్యమో బయటపడును.